బీరు షెడ్డులో ఇన్‌స్పెక్షన్

ఆ మంగళవారం ఉదయం జ్యోతిర్మయి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడున్నరకు స్కూటర్ మీద ఊరి చివర ఉన్న కోని వెళ్లాలి. తను చదువుకున్న యూనివర్సిటీ ల్యాబులో బీరు పరీక్ష రిపోర్టు తీసుకోవాలి. పదింటికల్లా బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో ఉన్న తన బ్రూవరీకి తిరిగి రావాలి. పదకొండింటికి ఆబ్కారీ శాఖ నుంచి రాంప్రసాద్ అనే అధికారి తనిఖీకి వస్తాడు. ఆయన సంతకం పెడితే అమ్మకానికి అనుమతి వచ్చినట్టే. పెట్టకపోతే మళ్లీ తేదీ మూడు నెలల తర్వాతే. రెండు ట్యాంకుల్లో సిద్ధంగా ఉన్న మొదటి బీరు అన్నాళ్లు నిలవదు, కాలువలో పారబోయాలి. పనిలో పెట్టుకున్న నలుగురు ఆడవాళ్లనూ ఇంటికి పంపెయ్యాలి.

ఆ బ్రూవరీ ఒకప్పుడు ఉల్లిపాయల గోదాము. ఆరేళ్లు పుణెలో ఒక బీరు కంపెనీలో పనిచేసి వచ్చిన జ్యోతిర్మయి దాన్ని అద్దెకు తీసుకుంది. వెనక వీధిలో ఉండేవాళ్లు చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన రైల్వే కుటుంబాలవాళ్లు. వాళ్లు దాన్ని బీరు షెడ్డు అంటారు. రైల్వేవాళ్లకు కప్పున్నదేదైనా షెడ్డే. షెడ్డు మీద వీధికి రెండు అభిప్రాయాలు ఉన్నాయి. బీరు తీశాక మిగిలిన బార్లీ పిప్పిని జ్యోతిర్మయి ఊరికే ఇస్తోంది కాబట్టి, అది తిన్న గేదెల పాలు చిక్కబడ్డాయని ఆడవాళ్లు అంటారు. మగవాళ్లు మాత్రం షెడ్డు వద్దని నలభై సంతకాలు పెట్టారు. రోజూ సాయంత్రం తలుపులు వేసుకుని తాగేవాళ్ల సంతకాలు అందులో అన్నిటికంటే పైన ఉన్నాయి.

బయల్దేరుతూ ఆమె తండ్రితో ఒక మాట అంది. "నాన్నా, నేనొచ్చేదాకా షెడ్డు కాడ ఉండు. ఆవరణ తుడిపిస్తే చాలు. ఇన్‌స్పెక్షన్ ఉంది కదా."

తుడిపించమని ఊరుకుంటే సరిపోయేది. తిరుమలరావు ముప్ఫై ఆరేళ్లు రైల్వేలో పనిచేసి యార్డు మాస్టరుగా రిటైరయ్యాడు. ఇన్‌స్పెక్షన్ అనే మాట విన్నాక ఆయన చేతులు ఆయన మాట వినవు. రైల్వేలో జనరల్ మేనేజర్ వస్తున్నాడంటే కదలని ప్రతి వస్తువుకూ సున్నం కొడతారు. కదిలేదాన్ని ఆ రోజుకు పక్క స్టేషనుకు పంపేస్తారు. ఆయనకు తెలిసిన ఇన్‌స్పెక్షన్ అదొక్కటే.

కూతురి స్కూటర్ మలుపు తిరగ్గానే, ఒకప్పుడు పట్టాల గ్యాంగుకు మేటుగా చేసిన పోలయ్యకు ఫోన్ చేశాడు. పదకొండుకి బీరు షెడ్డు దగ్గర ఇన్‌స్పెక్షన్ ఉందన్నాడు.

"సున్నం ఎన్ని బస్తాలు తెమ్మంటారు బాబూ?" అన్నాడు పోలయ్య. ఎవరి ఇన్‌స్పెక్షన్ అని అడగలేదు.

దారిలో టీ కొట్టు దగ్గర ఆగి పోలయ్య ఈ సంగతి నలుగురికి చెప్పాడు. మొదటి టీ అయ్యేసరికి వచ్చేది జనరల్ మేనేజరే అని తేలింది. రెండో టీకి ఆయన భార్య కూడా వస్తోంది. మూడో టీకి రైల్వే ఆ గోదాము తీసుకుని పార్సిల్ ఆఫీసు పెడుతోంది. పావుగంటలో పదిమంది పెద్దమనుషులు ఎవరి బ్రష్షు వాళ్లు పట్టుకుని వచ్చేశారు. వచ్చేది ఆబ్కారీ ఆఫీసరని తిరుమలరావు నిజాయితీగానే చెప్పాడు. కానీ అప్పటికే బ్రష్షులు తడిశాయి. తడిసిన బ్రష్షును ఊరికే ఎండబెట్టుకోవడం వాళ్లకు అలవాటు లేదు.

తొమ్మిదిన్నరకు త్రినాథరావు వచ్చాడు. వ్యాగన్ షెడ్డులో పెయింటరుగా రిటైరైన ఆయనే ఆ అభ్యంతర పత్రం రాయించి, నలభై సంతకాలు పోగుచేసినవాడు. దాన్ని ఆఫీసరు చేతికి స్వయంగా ఇవ్వాలని గంటన్నర ముందే వచ్చాడు. జేబులోంచి కాగితం తియ్యబోతూ ప్రహరీ గోడ చూసి ఆగిపోయాడు.

"ఇదేటి పోలయ్యా, సున్నమా మజ్జిగా?"

"నీకేటి, పెయింటరువి. నిలబడి ఎన్నయినా సెప్తావు."

త్రినాథరావు కాగితాన్ని మళ్లీ జేబులో పెట్టుకుని చొక్కా చేతులు మడిచాడు. నాయకుడికి మద్దతుగా పది గంటలకు వచ్చిన మిగతా సంతకాలవాళ్లకు, ఆయన గోడకు అడుగున జేగురు పట్టీ గీస్తూ కనిపించాడు. నాయకుడు పనిచేస్తుంటే చేతులు కట్టుకుని నిలబడటం బాగుండదు. కొందరు దారికడ్డంగా ఉన్న కంకరగుట్ట ఎత్తారు. కొందరు తెరిచి ఉన్న కాలువ మీద బండలు పరిచారు. పిప్పి డ్రమ్ములను డెయిరీవాడి ఆటోలోకి ఎక్కించి పంపేశారు. పనిలో ఉన్న ఆడవాళ్లను తిరుమలరావు బంతిపూల దండలు గుచ్చడానికి కూర్చోబెట్టాడు. వాళ్లలో తనూజ ఒక్కతే ట్యాంకుల దగ్గర ఉండిపోయింది.

పోలయ్య సిల్వర్ పెయింటు డబ్బా మూత తీస్తుంటే తనూజ అడ్డం వెళ్లింది. అది స్టీలు, దానికి రంగు అక్కర్లేదని హిందీలో మొత్తుకుంది. రంగు వెయ్యని ట్యాంకును ఏ సాహెబుకైనా ఎలా చూపిస్తామమ్మా అని తిరుమలరావు ఆమెను మెత్తగా పక్కకు తప్పించాడు. పోలయ్య శ్రద్ధగల మనిషి. మూలలు కూడా వదలలేదు. ట్యాంకుల మీద అంటించిన నంబర్లకూ, లోపల బీరు ఎంత ఉందో చూపించే గాజు గొట్టాలకూ రెండేసి పూతలు వేశాడు. తనూజ మూడుసార్లు ఫోన్ చేసింది. జ్యోతిర్మయి కోని రోడ్డు మీద బొగ్గు లారీల మధ్య ఇరుక్కుని ఉండటంతో ఎత్తలేదు.

ఆమె చేరేసరికి పదకొండుకి పది నిమిషాలు. గేటు తెల్లగా ఉంది. గేటు ముందు ఇటుకలు తెల్లగా ఉన్నాయి. వేపచెట్టు నడుము దాకా తెల్లగా ఉంది. ఆమె వాటి మధ్యనుంచి నేరుగా లోపలికి నడిచింది.

"నాన్నా, ట్యాంకు నంబరేది?"

"లోపల ఉందమ్మా."

"లోపలంటే?"

"రంగు లోపల."

అప్పుడే బయట జీపు ఆగింది. అలవాటు కొద్దీ నలభైమందీ దారికి రెండు వైపులా వరసలో నిలబడ్డారు. చేతిలో ఫైలుతో దిగిన రాంప్రసాద్ తన కోసం చాచిన దండను చేత్తో వారించి, వీళ్లంతా ఎవరని అడిగాడు.

జ్యోతిర్మయికి అబద్ధం చెప్పే అలవాటు లేదు. "మా మీద అభ్యంతరం చెప్పడానికి వచ్చినవాళ్లు సార్" అంది.

రాంప్రసాద్ వాళ్ల చేతుల మీద ఆరని సున్నం వైపు చూసి ఫైల్లో ఏదో రాసుకున్నాడు. ఆయన ఉద్యోగానుభవంలో తాజా సున్నం కింద ఎప్పుడూ ఏదో ఒకటి దాచిపెట్టే ఉంది. ట్యాంకుల దగ్గరికి వచ్చాక ఆ అనుమానం గట్టిపడింది. చుట్టూ తిరిగి చూశాడు. వేలితో తాకి చూశాడు. వేలికి వెండిరంగు అంటింది.

"నంబర్ నహీఁ, లెవెల్ నహీఁ. కాగజ్ మేఁ క్యా చఢావూఁ, మేడమ్?"

నంబరు, కొలత కనిపించని ట్యాంకును రిజిస్టరులో ఎక్కించడానికి వీల్లేదని, ఒంటిగంటకు తనకు కోర్టులో పని ఉందని, పన్నెండున్నర వరకే ఇక్కడ ఉండగలనని ఆయన చెప్పాడు. ఈలోగా అభ్యంతరాలు వింటానన్నాడు.

త్రినాథరావు ముందుకొచ్చి కాగితం ఇచ్చాడు. అది ఒక మూల సున్నంలో తడిసింది. రాంప్రసాద్ పైకి చదివాడు. ఒకటి, దారికడ్డంగా కంకరగుట్ట. రెండు, తెరిచి ఉన్న కాలువ. మూడు, ఆవరణలో పడి ఉన్న పిప్పి వల్ల పశువుల బెడద. నాలుగు, పాన్ మరకలతో ప్రహరీ గోడ. చదవడం అయ్యాక తలెత్తి నాలుగు వైపులా చూసి, ఇవన్నీ ఎక్కడున్నాయని అడిగాడు.

"పొద్దున్న ఉండేవి సార్" అన్నాడు త్రినాథరావు. "మేమే తీసేశాం."

అసలు అభ్యంతరం సారా గురించి కదా, అది రాయలేదేమని ఒకాయన వెనకనుంచి గొణిగాడు. కంటికి కనిపించి, టేపుతో కొలవగలిగేదే ఫిర్యాదులో రాయాలని త్రినాథరావు సర్వీసంతా నమ్మాడు. ఇక్కడా అదే రాశాడు. నాలుగు అంశాలకూ ఎదురుగా రాంప్రసాద్ సున్నా చుట్టాడు.

అయినా త్రినాథరావు ఓడిపోలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ట్యాంకులు అలాగే ఉంటే షెడ్డు దానంతటదే మూతపడుతుంది. ఆయన ఇంటికి వెళ్లి భోంచేసినా చాలు. తనూజ కిరసనాయిలు గుడ్డతో గాజు గొట్టాలు తుడుస్తోంది. పోలయ్య తను వేసిన రంగు తనే గీకుతున్నాడు. రంగుతో పాటు అంటించిన నంబర్లు కూడా ముక్కలై ఊడొచ్చాయి. తిరుమలరావు బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. కూతురి మొహం చూడలేక నేల చూస్తున్నాడు. "తుడిపించమంది. తుడిపించి ఊరుకోలేకపోయేను" అన్నాడు ఎవరితోనో.

జ్యోతిర్మయి మార్కర్ పెన్ను తీసి ట్యాంకు మీద ఒకటి అంకె వెయ్యబోయింది. ఆ అంకె వంకరగా వచ్చింది.

"ఆగమ్మా" అన్నాడు త్రినాథరావు. "అలాగ రాస్తారేటి ట్యాంకు మీద?"

"మీకు మా ట్యాంకుల మీద అభ్యంతరం కదా బాబాయ్?"

"అభ్యంతరం వేరు. నంబరు వేరు."

ఆయన తన స్కూటరు డిక్కీలోంచి రేకు అచ్చులూ, నల్లరంగు డబ్బా తెచ్చాడు. రెండు ట్యాంకుల ఎత్తూ చుట్టుకొలతా టేపుతో కొలిచి, అగ్గిపెట్టె వెనక లెక్క కట్టుకున్నాడు. ఖాళీ ట్యాంకు బరువెంతని అడిగితే జ్యోతిర్మయి బిల్లు వెతికి చెప్పింది. ఆమె అడిగింది నంబరు మాత్రమే. ఆయన వ్యాగన్ మీద ఏమేం రాయాలో అన్నీ రాశాడు. నంబరు, ఎన్ని లీటర్లు పడుతుంది, ఖాళీ బరువు, మళ్లీ మరమ్మతు తేదీ. అన్నిటికీ కింద, దారితప్పితే తిరిగి చేర్చవలసిన స్టేషను బిలాస్‌పూర్.

పన్నెండూ ఇరవైకి రాంప్రసాద్ ఆ అంకెలన్నీ ఫైలుతో సరిచూశాడు. ఒక్క లీటరు కూడా తేడా రాలేదు. తుడిచిన గాజులో మట్టం చూశాడు, ల్యాబ్ రిపోర్టు చూశాడు, చివరి పేజీలో సంతకం చేశాడు. ఇన్ని వివరాలున్న ట్యాంకును ఇంతవరకు ఏ బ్రూవరీలోనూ చూడలేదని, మిగతావాళ్లకూ ఇదే పద్ధతి పెట్టమని పైకి రాస్తానని చెప్పి జీపెక్కాడు. జీపు మలుపు తిరిగేదాకా నలభైమందీ వరసలోనే ఉన్నారు.

తనూజ ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లలేదు. సీసాలు కడగడానికి మిగతా ముగ్గురితో కలిసి కూర్చుంది. తిరుమలరావు బకెట్టు మీంచి లేచి, సున్నం బస్తాలు లోపల పెట్టించబోతే, కూతురు వాటిని పోలయ్యకిచ్చి ఇంటికి పంపించింది.

మర్నాడు త్రినాథరావు కొత్త అభ్యంతర పత్రం రాయించాడు. ఈసారి సంతకాలు నలభై మూడు, అంశం ఒకటే: షెడ్డులో ఇన్‌స్పెక్షన్ ఉన్నప్పుడు వీధివాళ్లకు వారం రోజులు ముందుగా తెలియజేయడం లేదు.