అయ్యగారికి అన్నం పెట్టిందెవరు?

శుక్రవారం పొద్దున జమ్మలమడుగులో బండెక్కేటప్పుడే దావీదురాజు అయ్యగారు ఒక నిర్ణయానికి వచ్చారు. సోమలపల్లెలో ఉండే మూడు రోజులూ ఎవరి ఇంట్లోనూ మెతుకు ముట్టకూడదు. తెల్లదొరల కాలం, వానలు ముఖం చాటేసి రెండో యేడు. జనం గంజి కేంద్రాల ముందు చెంబులు పట్టుకుని నిలబడుతున్న రోజులు. అలాంటి ఊరికి పోయి విందు తినడానికి ఆయనకు మనసొప్పలేదు. అందుకని భార్య రత్నమణి చేత మూడు రోజులకు సరిపడా బొరుగులు, వేయించిన చెనిక్కాయలు మూట కట్టించుకున్నారు. క్రైస్తవ గురువుగా ఆయనకు ఇదే మొదటి ఊరు. మంచితనం ఇంకా కొత్త చెప్పుల్లా కరుస్తున్న దశ.

ఊరి బయట బండివాడు ఎద్దుల్ని విప్పి బండి వెనక కట్టేశాడు. అయ్యగారు ముఖం కడుక్కుని వచ్చేసరికి మూట లేదు. కుడివైపు ఎద్దు మూతికి మాత్రం గుడ్డపీలిక ఒకటి వేలాడుతోంది. కరువులో ఎద్దును తప్పుపట్టి ఏం లాభం? మూడు రోజులు ఉపవాసం ఉంటే సరిపోతుందిలే అనుకున్నారు అయ్యగారు. ఉపవాసం గురించి ఆయన శానా పుస్తకాలు చదివి ఉన్నారు.

సంఘం ఇళ్లలో మొదట కృపమణి ఇల్లు తగిలింది. ఆమె చాప పరిచి, చేతులు కడుక్కోమని చెంబు ఇచ్చింది.

"సంగటి కెలికి పెట్టినా అయ్యగారూ. ఊరుబిండి గూడా నూరినా. కూకోండి."

తలుపు చాటున ఆమె ముగ్గురు పిల్లలు సంగటి ముద్దకేసి చూస్తున్నారు. అయ్యగారి గుండె కరిగిపోయింది.

"ఇప్పుడే తిన్నానమ్మా, వరమ్మ ఇంట్లో," అనేశారు.

వరమ్మ ఎవరో, ఆమె ఇల్లు ఎక్కడో ఆయనకు ఇంకా తెలియదు. సంఘం పట్టీలో చదివిన పేరు నోటికి వచ్చింది, అంతే. గంట తరువాత వరమ్మ ఎదురొచ్చింది. పోయిన క్రిస్మసు నుంచి కుండలో దాచిన శేరు బియ్యంలో సగం ఆ పొద్దే వండింది. వరి అన్నం వాసనకు అయ్యగారి కడుపులో పేగులు లేచి నిలబడ్డాయి.

"కృపమణి ఇంట్లో తిన్నానమ్మా," అన్నారాయన, కళ్లు అటు తిప్పుకుని.

వరమ్మ మొహం మాడిపోయింది. సంఘంలో మిగిలిన పన్నెండు ఇళ్లలోనూ ఆయన ఈ ఇద్దరి పేర్లే మార్చి మార్చి చెప్పుకొచ్చారు. రాత్రిళ్లు ప్రార్థన మందిరంలో నీళ్లు తాగి పడుకున్నారు.

శనివారం పెన్న ఇసుకలో తవ్విన చెలమ దగ్గర ఇద్దరు ఆడవాళ్లూ ఎదురుపడ్డారు.

"ఏం పెట్టినావమ్మా అయ్యగారికి, నా యింట్లో వరన్నం వద్దనేంతగా?" అంది వరమ్మ.

"నేనేం పెట్టినా? నీ యింట్లో తిన్యాడని ఆయప్పే చెప్పె! పెట్టేది నువ్వు పెట్టి, నన్ను ఎగతాళి చేస్తాండావా?" అంది కృపమణి.

"నేను పెట్టలేదని బైబులు మీద ఒట్టేస్తా!"

"నేనూ ఏస్తా, పోవే!"

ఎక్కడైనా పెట్టామని గొప్పలు పోతారు. పెట్టలేదని కొట్లాడుకోవడం సోమలపల్లెలోనే చూడాలి. సాయంత్రానికి కడవలు రెండు పగిలాయి, సంఘం నిలువునా చీలింది. ఉన్నవి పద్నాలుగు ఇళ్లు. ఏడు ఇటు, ఏడు అటు.

ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె విరిచి పంచే ఆరాధన. గురువు లేక ఊళ్లో బల్ల పడి రెండేళ్లయింది. ఈసారి తప్పితే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. కానీ తగాదా పెట్టుకున్నవాళ్లు రొట్టె ముట్టకూడదు. సంఘపెద్ద శాంతయ్య లేచి నిలబడ్డాడు.

"మీ ఇద్దరిట్లో ఒగరు అబద్ధం చెప్తాండారు. అది తేలేదాంకా బల్ల లేదు. అయ్యగారూ, మీరే చెప్పండి. తిన్న మనిసికి తెలీదా, యాడ తిన్యాడో?"

అయ్యగారు బల్ల అంచు పట్టుకుని లేచారు. వరమ్మ పేరు చెబితే వరమ్మ అబద్ధాలకోరు. కృపమణి పేరు చెబితే కృపమణి. ఏ పాపమూ ఎరుగని ఇద్దరు అమ్మలు ఆయన నోటికేసి చూస్తున్నారు. ఆయన సిగ్గుతో చచ్చిపోయారు.

"ఎవరింట్లోనూ తినలేదు," అన్నారు. "అబద్ధమాడింది నేను. మీ గింజలు మీకే మిగలాలని..."

మాట పూర్తికాలేదు. అక్కడే నేల మీద కూలబడ్డారు.

అందరికంటే ముందు వరమ్మే వచ్చింది.

"శుక్రవారం నుంచి ఏం తిన్లేదా?"

"నీళ్లు తాగానమ్మా."

"బలే పని చేసినారయ్యా! కరువొచ్చి మా గింజలు ఎత్తుకపాయ. ఇంటికొచ్చిన మనిసికి ఇంత పెట్టే చెయ్యి ఒగటి మాకు మిగిలుండాది. అది గూడా మీరు ఎత్తుకపోతే మేం ఏం చూసుకోని బతకాల?"

"నేనూ అదే అంటాండా అక్కా," అంది కృపమణి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. ఆ 'అక్కా'తో తగాదా తీరిపోయింది.

అయ్యగారికీ కన్నీళ్లు ఆగలేదు. ఇద్దరి వైపూ తిరిగి చేతులు జోడించారు.

"క్షమించండమ్మా. నాకు ఆకలేస్తాంది. ఇంత పెట్టండి."

ముందు అన్నం, ఆ తరువాతే ఆరాధన అని శాంతయ్య తీర్పు చెప్పాడు. వరమ్మ అన్నం, కృపమణి సంగటి పక్కపక్కన వచ్చాయి. అవి అయ్యేలోపు మిగిలిన పన్నెండు ఇళ్లవాళ్లూ గిన్నెలతో వరస కట్టారు. "మా ఇంట్లో గూడా తిన్లేదు గదా అయ్యగారూ," అని ఇంటికొక ముద్ద చేతిలో పెట్టారు. ఈసారి ఆయన ఎవరికీ కాదనలేదు. పొద్దు వాలేవేళకు పద్నాలుగు ఇళ్లూ ఒక్క బల్ల చుట్టూ మోకరించి రొట్టె తీసుకున్నాయి.

సోమవారం పొద్దున అయ్యగారిని బండెక్కించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది. పాపం, ఆయన కాస్త వంగితే చాలు, పద్నాలుగు ఇళ్లూ గొంతుదాకా వస్తున్నాయి.