పైపు దగ్గర పెద్దల భోజనం

ఒక పెద్ద అడవిలో అనే మొదలుపెడతాను. కాకపోతే ఆ అడవి సముద్రంలో ఉండేది, చెట్లకు బదులు నాచు.

అక్కడి డాల్ఫిన్లకు మూడేళ్లుగా పిల్లలు దక్కడం లేదు. కొందరికి కడుపే నిలవదు. నిలిచినా చచ్చిన పిల్ల పుడుతుంది. ముత్యాలు అనే ఆడ డాల్ఫిన్‌కు అప్పటికే ఇద్దరు పిల్లలు పోయారు. ఇప్పుడు మూడోసారి కడుపుతో ఉంది.

ఒడ్డునున్న ఫ్యాక్టరీ పైపు సముద్రంలోకి వెచ్చటి నీళ్లు వదిలేది. ఆ నీళ్లకు మత్తెక్కి చేపలు కదలకుండా పడి ఉండేవి. వేట అక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు. అందుకే పెద్దలు పంచాయితీ కూడా అక్కడే పెట్టుకున్నారు.

పంచాయితీ పెద్ద తోకయ్య నోట్లో చేపతోనే విచారణ మొదలుపెట్టాడు.

"ఆడవాళ్లకు ఈ మధ్య గంతులు ఎక్కువయ్యాయి. కడుపులు నిలవకపోవడానికి అదే కారణం."

"మా అత్త జన్మలో గంతెయ్యలేదు, ఆవిడకెందుకు నిలవలేదు?" అంది ముత్యాలు. "ఈ నీళ్లు తగిలితే ఒళ్లు మండుతోంది పెద్దయ్యా, ముందు ఇవి చూడండి. పోనీ, మగాళ్లనీ పరీక్ష చేయించండి."

సభ్యులంతా ఒక్కసారిగా గంతేశారు.

"మగాళ్లకి పరీక్షా!"

"నా ముప్పై ఏళ్ల వైద్యంలో మగాడి వైపు చూసిన పాపాన పోలేదు," అని పీత డాక్టరు ప్రమాణం చేశాడు.

తీర్పు వచ్చింది. ఇద్దరిని పోగొట్టుకున్న ఆడది అపశకునం. పైపు భోజనానికి తగదు. రాతిదిబ్బల అవతలికి పోయి సొంతంగా వేటాడుకు తినాలి.

ముత్యాలు ఏడుస్తూ వెళ్లింది. అక్కడ నీళ్లు చల్లన, చేపలు మహా చురుకు. ఒక్కదాన్ని పట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

నెలలు నిండాయి. పిల్ల పుట్టింది. కదిలింది. పైకెళ్లి ఊపిరి పీల్చుకుని, వచ్చి పాల కోసం తల్లి డొక్కలో ఒక్క గుద్దు గుద్దింది.

ఆ కబురు తెలిసి మర్నాడు పంచాయితీ ముందు ఆడవాళ్లు బారులు తీరారు.

"నాకు ఒక్కరే పోయారు, అయినా నన్నూ వెలేయండి పెద్దయ్యా!"

"నేను పుట్టు అపశకునాన్ని, కావాలంటే మా అత్తనడగండి!"

తోకయ్య ఉబ్బిపోయాడు. "చూశారా మన శిక్ష ఎంత గొప్ప మందో!" అని అందరినీ వెలేశాడు. ముత్యాలుకు మాత్రం క్షమాభిక్ష పెట్టి, పిల్లతో సహా పైపు దగ్గర విందుకు రమ్మని పీతతో కబురంపాడు.

"నా నేరం చాలా పెద్దది పీతగారూ," అంది ముత్యాలు. "బతికినంత కాలం శిక్ష అనుభవిస్తానని చెప్పండి."

ఇప్పుడు పైపు దగ్గర మగాళ్లే మిగిలారు. పిల్లలెందుకు పుట్టడం లేదో తేల్చడానికి కొత్త కమిటీ వేసుకున్నారు.

నీతి: పెద్దలు శిక్ష వేస్తే కాదనకండి, పొరపాటున వాళ్లు మేలు చేసేది అప్పుడే.