గడ్డం లేచే హెల్మెట్

ఆ ఉదయం ప్రూఫమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు హెల్మెట్ల షాపు తెరవగానే వెళ్లాలి, కళ్లజోడు తీయకుండా పెట్టుకోగలిగిన హెల్మెట్ ఒకటి కొనాలి, పదిన్నరకల్లా ప్రెస్సులో తన కుర్చీలో ఉండాలి. మూడు రోజులుగా వాన తెరిపి ఇవ్వడం లేదు. అయినా ఆమె తన మోటారు సైకిలు తాళాన్ని టీ కప్పు పక్కనే పెట్టుకుని, మాటిమాటికీ దాని మీద చెయ్యి వేసి చూసుకుంటోంది.

ఆ తాళం మీద కన్నేసిన మనిషి ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయన ఆమె భర్త, ఇరవై ఎనిమిదేళ్లుగా సిటీ బస్సు డ్రైవరు. ఆ రోజు ఆయనకు పదింటి నుంచి డ్యూటీ.

"ఇప్పటికైనా మించిపోయిందేం లేదు. హాయిగా నా బస్సెక్కు. మొదటి సీటు నీకే ఉంచుతా," అన్నాడు.

"ఇరవై రెండేళ్లుగా నా బండి నేను నడుపుకుంటున్నా. ఇప్పుడు మీ వెనకాల కూర్చోవాలా?"

"మొదటి సీటంటున్నాగా."

"అదీ మీ వెనకాలే."

ఆయన ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాగితం వైపు వేలు చూపించాడు.

ప్రూఫమ్మ అసలు పేరు ప్రెస్సులో ఎవరికీ గుర్తులేదు. అచ్చుకెళ్లే ప్రతి పేజీనీ ఆమె చదివి తప్పులు దిద్దాలి కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది. పాతికేళ్లు సన్నక్షరాలు చదివి చదివి ఆమె కళ్లద్దాలు సీసా అడుగంత మందం తేలాయి. వానలో పాత హెల్మెట్ పెట్టుకుంటే ఆమె ఊపిరికి ఆమె అద్దాలే మసకబారేవి. పోయిన గురువారం ఆ మసకలోనే ఇంటికొచ్చి, బండి షెడ్డులో పెట్టి, తడిసిన రెయిన్‌కోటు విప్పి, గుమ్మంలో నిలబడ్డాయన చేతిలో పెట్టి, "ఆరెయ్యండి" అంది. ఆయన మారుమాట్లాడకుండా ఆరేశాడు. తుడుచుకున్న అద్దాల్లోంచి చూస్తే ఆయన పక్కింటి రిటైర్డ్ జడ్జిగారు. ఆ గుమ్మం, ఆ షెడ్డూ కూడా ఆయనవే.

ఆ రాత్రే భర్త ఒక కాగితం రాసి ముందు పెట్టాడు. "నేటి నుంచి ఈ వానాకాలంలో అద్దాలు మసకబారి దారి తప్పిన ఆవిడ, అటుపైన అవతలివారి వెనక కూర్చుని పనికి వెళ్లవలెను." అంటే ఇంకోసారి దారి తప్పితే ఆమె బండి షెడ్డులో తుప్పు పట్టాలన్నమాట. ప్రూఫమ్మకు ఒళ్లు మండింది. కానీ ఒప్పందమంటే వెనక్కి తగ్గే రకం కాదు. ఎర్ర పెన్ను తీసి "ఆవిడ" కొట్టేసి, "వారు" అని దిద్దింది.

"కాగితం మీద ఆవిడా ఈవిడా ఏంటండీ? మర్యాదగా రాయాలి," అని సంతకం పెట్టేసింది. ఆయన కూడా పెట్టేశాడు.

బయల్దేరబోతుంటే, ఆమె రెయిన్‌కోటు మెడ దగ్గర చిరిగిందని ఆయన తన డిపో రెయిన్‌కోటు తెచ్చి బలవంతంగా తొడిగించాడు. అది ఆమెకు మోకాళ్లు దాటింది, మెడ దగ్గర బిగించుకునే తాడు ఛాతీ దాకా వేలాడింది. వద్దందామనుకుంది గానీ, ఒక్క విషయంలోనైనా తన మాట చెల్లిందన్న తృప్తి ఆయనకు మిగలనిద్దామని ఊరుకుంది.

హెల్మెట్ల షాపాయనకు గుండెల దాకా గడ్డం. ఓపిక అంతకంటే పొడుగు. ముందు మూతి మూసేసే హెల్మెట్ ఒకటి ఇచ్చాడు. కళ్లజోడు తీసి, తల దూర్చి, మళ్లీ సందులోంచి కళ్లజోడు లోపలికి తోయాలట. ప్రూఫమ్మ తోసింది. ఒక కాడ చెవిలోకి, రెండోది మెత్తలోకి పోయాయి.

"అద్దం ఎత్తండమ్మా," అన్నాడాయన, చూసుకోవడానికి మొహం అద్దం పట్టుకుని.

ఆమె కళ్లజోడు నుదుటికి ఎత్తబోయింది.

"అది కాదమ్మా, నా అద్దం!"

ఆమె ఆయన చేతిలో అద్దాన్ని పైకి నెట్టింది.

"అయ్యో, హెల్మెట్ అద్దమమ్మా!"

"హెల్మెట్‌ది అద్దమే, నా ముక్కు మీదిది అద్దమే, మీ చేతిలోదీ అద్దమే! మూడింటికి ఒకటే మాట పెట్టుకుని మనిషిని దేన్ని ఎత్తమంటారు?" అని ఆమె గట్టిగా కసిరింది. అచ్చులో ఇలాంటి వాక్యం కనబడితే పేజీ మొత్తం తిప్పి కొట్టే మనిషామె.

షాపాయన నొచ్చుకోకుండా పై అరలోంచి ఇంకోటి దించాడు. "మీకు కావాల్సింది ఇదీ. గడ్డం లేచేది."

ప్రూఫమ్మ ఆయన గడ్డం వైపు చూసింది.

"నాది కాదమ్మా, దీనిది. ఈ మూతి ముందున్న భాగాన్ని మేం గడ్డమంటాం. ఈ ఎర్ర బొత్తాం నొక్కితే గడ్డం మొత్తం పైకి లేస్తుంది. కళ్లజోడు తీసే పనే లేదు. కాడలు పట్టడానికి లోపల గాడులున్నాయి చూడండి. అద్దానికి లోపల ఇంకో పొరుంది, ఊపిరి తగిలినా మసక పట్టదు."

"అందరూ ఇలాగే చెబుతారు," అని ఆమె హెల్మెట్ పెట్టుకుని, గడ్డం దించి, సంచీలోంచి ప్రూఫు కాగితం ఒకటి తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టి, నేరుగా వెళ్లి వానలో నిలబడింది. షాపాయన గుమ్మంలోంచి బిత్తరపోయి చూస్తుంటే, హోరువానలో, అడుగున ఉన్న సన్నక్షరాలన్నీ బిగ్గరగా చదివింది. మూడో వరుసలో ఒక వత్తు తప్పిపోయిందని కూడా పట్టుకుంది. లోపలికొచ్చి, "ఇదే ఇవ్వండి," అంది.

"కొత్తదమ్మా, గడ్డం మూసేటప్పుడు మధ్యలో ఏమీ ఇరుక్కోకుండా చూసుకోండి," అని షాపాయన వెనకనుంచి అరిచాడు. ప్రూఫమ్మ అప్పటికే బండి మీద ఉంది. కిక్కు కొట్టి, టక్కున గడ్డం దించుకుని వెళ్లిపోయింది.

ఆ ప్రయాణం ఆమె జీవితంలో మరిచిపోలేనిది. వాన ఉంది, మసక లేదు. ప్రతి గుంతా, ప్రతి బోర్డూ కనబడ్డాయి. దారిలో పదకొండు బోర్డుల మీద అక్షరదోషాలు లెక్కపెట్టింది. ఇన్నేళ్లూ ఇవన్నీ చూడకుండా ఎలా బతికానా అనుకుంది. ఆనందంతో ప్రెస్సు ముందు బండి ఆపి, ఎర్ర బొత్తాం నొక్కింది.

గడ్డం లేవలేదు.

మళ్లీ నొక్కింది. రెండు బొటనవేళ్లతో నొక్కింది. పోనీ మెడ కింది పట్టీ విప్పుదామంటే దానికీ ఏదో చుట్టుకుని బిగుసుకుపోయింది. అద్దం మాత్రం పైకి లేస్తోంది. ఆ సందులోంచి ప్రెస్సు ఓనరును చూసి తలూపి, ఏమీ జరగనట్టు వెళ్లి కుర్చీలో కూర్చుంది.

"అమ్మా, హెల్మెట్..." అన్నాడు ఓనరు.

"పన్నెండింటికి పేజీలు కావాలన్నారుగా. తలకాయ మీద ఏముంటే మీకెందుకు?" అని ఆమె ఎర్ర పెన్ను తీసింది.

నాలుగు పేజీలు దిద్దాక మెడ నొప్పి మొదలైంది. కూతురి ఆఫీసు ఆ హెల్మెట్ల షాపున్న వీధిలోనే. వెళ్లి షాపాయన్ని ఉపాయం అడగమందామని కూతురికి మెసేజి పెట్టింది: "గడ్డం బిగుసుకుపోయింది. ఎంత నొక్కినా లేవట్లేదు. నాన్నకు చెప్పకు." పాతికేళ్లుగా లోకంలో వాళ్ల వాక్యాల్లో లోపించిన మాటలన్నీ పట్టిన మనిషి, తన వాక్యంలో ఒక్క మాట లోపించిందని చూసుకోలేదు.

షాపు సంగతి రాసేలోపే కూతురు ఫోన్ చేసింది. ఫోను చెవి దగ్గరకు పోదు, నోటి దగ్గరకు పోదు. ప్రూఫమ్మ అద్దం సందులోంచి దాన్ని ముక్కుకు ఆనించి మాట్లాడింది. వెనక అచ్చు మిషన్ల హోరు. కూతురికి "గ్గ... వ్వట్లే... గ్గం..." అని మాత్రమే వినబడింది. నాన్నకు చెప్పొద్దందంటే ఎంత ప్రమాదమోనని పిల్ల హడలిపోయింది. వెంటనే మేనత్తకు ఫోన్ చేసింది. ఆ మేనత్త దంతాల ఆసుపత్రిలో నర్సు.

"అత్తా, అమ్మకి గడ్డం బిగుసుకుపోయిందట. మాట రావట్లేదు!"

"దవడ జారుంటుందే. నేను వెళ్తున్నా, నువ్వు కంగారుపడకు," అని చెప్పి, తాను మాత్రం కంగారుగా అన్నయ్యకు ఫోన్ చేసింది. డ్యూటీలో ఆయన ఫోను కండక్టరు దగ్గర ఉంటుంది. దవడ జారిందన్న మాటలో కండక్టరుకు జారడమొక్కటే వినబడింది. టికెట్లు కొట్టడం ఆపి, బస్సు ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేలా కేక పెట్టాడు.

"అన్నా! వదిన బండి మీంచి జారి పడిందంట! గడ్డం పోయిందంట! మాట కూడా పడిపోయిందంట!"

ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క స్టాపూ దాటవేయని డ్రైవరు, ఆ క్షణాన నలభై రెండు మంది ప్రయాణికులతో సహా బస్సును ప్రెస్సు వైపు తిప్పేశాడు. తడిసిన జనం ఊపిరితో బస్సు అద్దాలన్నీ మసకబారి ఉన్నాయి. వాటికి తోడు ఆయన కళ్లజోడూ మసకబారింది. అందులో ఆవిరెంతో కన్నీళ్లెంతో చెప్పలేం. పొద్దున్న ఆ తాళం లాక్కుని ఉంటే ఇలా జరిగేది కాదు కదా అని ఒకసారీ, ఆవిణ్ణి అన్ని మాటలు అనకుండా ఉండాల్సింది అని ఒకసారీ అనుకుంటూ, కనబడిన మొదటి గేటులోకి బస్సు పోనిచ్చాడు.

అది ప్రెస్సు కాదు, పక్కనున్న కలప అడితి. బస్సు రెండు దుంగల గుట్టల మధ్య ఇరుక్కుని ఆగింది. ఆయన కిందికి దూకి, ఎదురుగా గొడుగుతో నిలబడ్డ అడితి యజమాని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మా ఆవిడ గడ్డం ఎలా ఉందండీ? నిజం చెప్పండి, తట్టుకుంటాను!"

"మీ ఆవిడెవరండీ?" అన్నాడు అడితి యజమాని.

ఈ గోలకు ప్రెస్సులోంచి ప్రూఫమ్మ బయటికొచ్చింది. అద్దం దించుకుని వానలో నడుస్తూ వచ్చి, దుంగల మధ్య బస్సునీ, బస్సు పక్కన ఏడుస్తున్న భర్తనీ చూసింది. ఒక్క చూపులో ఆమెకు అంతా స్పష్టంగా కనబడింది, ఎందుకంటే అక్కడున్న వాళ్లలో మసకలేని అద్దం ఆమెదొక్కటే.

"నాకేం కాలేదు! హెల్మెట్ గడ్డమండీ బాబూ!" అని లోపల్నుంచి అరిచింది. "ఏడుపాపి బస్సెక్కండి. నేను చెప్పినట్టు వెనక్కి రండి!"

వెనకద్దంలో ఆయనకు తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడటం లేదు. ఆమె వెనక నిలబడి చేతులూపుతూ, "ఎడమకి! కొంచెం! అది కుడి! రండి, రండి, ఆపండి!" అంటూ అంగుళం అంగుళం చొప్పున బస్సును రోడ్డెక్కించింది. ప్రయాణికులు చప్పట్లు కొట్టారు.

అంతలో ఆడపడుచు దవడకు కట్టే పట్టీ, పట్టకారు పట్టుకుని ఆటో దిగింది. దవడ బాగానే ఉందని తెలిసి కాస్త నిరాశపడినా, పట్టకారును వృథా పోనివ్వలేదు. హెల్మెట్ గడ్డం సందులోకి దాన్ని దూర్చి, జానెడు తాడు బయటికి లాగింది. ఎర్ర బొత్తాం నొక్కగానే గడ్డం టప్పున లేచింది.

"వదినా, ఇది రెయిన్‌కోటు తాడు. ఎవరిదీ కోటు?"

వీపు మీద డిపో ముద్ర పెద్దక్షరాల్లో ఉంది. ఆయన భార్య చెయ్యి పట్టుకుని, "భయపడ్డానే," అన్నాడు మెల్లిగా.

"తెలుస్తోంది," అంది ప్రూఫమ్మ. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది. "మరి కాగితం మాటేంటి?"

"ఏ కాగితం?"

"అద్దాలు మసకబారి దారి తప్పినవారు అవతలివారి వెనక కూర్చోవలెను."

"అది నీ గురించి రాసింది!"

"ఆవిడ అని రాసుంటే నా గురించే. వారు అని ఉంది. మీరు సంతకం పెట్టారు."

బస్సు కిటికీలోంచి రిటైర్డ్ జడ్జిగారు తల బయట పెట్టారు. ఆయన ఆ బస్సులోనే ఉన్నారు, ఇల్లు చేరడానికి. "'వారు' అంటే ఎవరైనా వస్తారయ్యా. అప్పీలుకు కూడా అవకాశం లేదు," అన్నారు.

మర్నాటి నుంచి ప్రూఫమ్మ బండి వెనక సీట్లో, పాత హెల్మెట్ పెట్టుకుని, ఆయన డిపోకు వెళుతున్నాడు. "మెల్లగా పోవే," అని ఆయన అన్నప్పుడల్లా ఆమె టక్కున గడ్డం దించేస్తుంది.

బస్సు దారి తప్పినందుకు డిపో మేనేజరు సంజాయిషీ అడిగితే, ఆయన "నా భార్యకు గడ్డం లేవకపోవుట వలన" అని రాసి ఆమెకు చూపించాడు. ఆమె రెండుసార్లు చదివి, ఒక్క అక్షరదోషం కూడా లేదని చెప్పి పంపించేసింది.