పన్నీరు తగలని ముక్కు

స్ఫాక్స్ ఊరి చివర ఆలివ్ నూనె మిల్లు యజమాని మొన్సెఫ్ ఆ రోజు తెల్లవారుజాము నమాజు ముగించుకుని ఒక మంచిపనికి సిద్ధమయ్యాడు. నూనె రుచి చూసి మంచిచెడ్డలు తేల్చే కుర్చీలో ఇంతవరకు మగవాళ్లే కూర్చున్నారు. వాసన తెలిసే ముక్కును దేవుడు వాళ్లకే ఇచ్చాడా అన్న సందేహం ఆయనకు చాలాకాలంగా ఉంది. ఇప్పుడందులో ఉన్న ముసలి తీజానీ దిగిపోయాక ఆ కుర్చీ ఒక స్త్రీకి ఇవ్వాలని, ఎవరూ అడగకుండానే నిర్ణయించాడు. అందుకోసం రెండు రోజులు మిల్లు ఆపించి, పనివాళ్లతో ఆవరణంతా తోరణాలు కట్టించాడు.

పరీక్షకు పేరిచ్చిన ఏడుగురిలో సాల్హా ఒకతె. పదకొండేళ్లుగా రుచి చూసే నీలం గ్లాసులను వట్టి వేడినీళ్లతో కడుగుతోంది. కడిగేముందు ప్రతి గ్లాసూ వాసన చూస్తుంది. తొట్టి దగ్గర ఇంకో ఏడాది నిలబడే ఓపిక ఆమె మోకాళ్లకు లేదు. ఆమె పేరును మొన్సెఫ్ ఆ పొద్దునే కొట్టేశాడు.

"నువ్వూ పరీక్షలో కూర్చుంటే గ్లాసులెవరు కడుగుతారు, సాల్హా? ఇదంతా మీ ఆడవాళ్ల కోసమే కదమ్మా."

ఆమె గ్లాసులు కడిగే వెనక గదికి వెళ్లిపోయింది.

మిగిలిన ఆరుగురికీ గుమ్మంలోనే మర్యాద జరిగింది. మొన్సెఫ్ తన తల్లినాటి వెండి బుడ్డితో అందరి చేతుల మీదా నారింజపూల పన్నీరు చిలకరించాడు. పెద్దవాడన్న గౌరవం కొద్దీ తీజానీ మీసాల మీద ఇంకాస్త ఎక్కువ.

తీజానీ మొదటి గ్లాసు ఎత్తి, దించేశాడు. "ఏం పని చేశావు నాయనా? ఇప్పుడు ఏ నూనె చూసినా పెళ్లివాసనే."

మొన్సెఫ్ కంగారుపడి అందరినీ సబ్బుతో కడుక్కోమన్నాడు. అది గులాబీ సబ్బు. ఆ వాసన పోవడానికి నిమ్మచెక్కలు రుద్దించాడు. దాంతో గదిలో మూడు వాసనలు చేరాయి, నూనెది తప్ప. బయట ఓడరేవుకు వెళ్లాల్సిన ట్యాంకరు హారన్ కొడుతోంది. నిన్న రాత్రే ఆడించిన నాలుగో పీపా బాగుందని రుచి చూసినవాళ్లు చెబితేగాని ట్యాంకరులోకి నూనె నింపరు.

"పన్నీరు తగలని ముక్కు ఈ మిల్లులో ఒక్కటే మిగిలింది. వెనక గదిలో ఉంది" అన్నాడు తీజానీ.

సాల్హా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గదిలోకి రాకుండా ఆవరణలోనే నిలబడి, బిస్మిల్లా అనుకుని గ్లాసు అందుకుంది. వాసన చూసింది, ఒక గుటక నాలుక మీద తిప్పి ఉమ్మేసింది.

"పంపొద్దు, మొన్సెఫ్ గారూ. కాయలు సంచుల్లో ఉక్కకు మక్కిపోయాయి. ఆడించేముందు రెండు రోజులు ఊరికే పడున్నాయి."

 పనివాళ్లందరూ తలెత్తి తోరణాల వైపు చూశారు. కాసేపటికి మొన్సెఫ్ కూడా చూశాడు. ట్యాంకరు ఖాళీగా వెనక్కి వెళ్లింది. సాల్హా తీజానీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

స్త్రీల కోసం తాను చేపట్టిన పథకం నూటికి నూరుపాళ్లు ఫలించిందని మొన్సెఫ్ ఆ సాయంత్రం అందరికీ చెప్పాడు, గ్లాసులు కడుగుతూ.