రేపు నీళ్ళు రావు

టీవీ తెర అడుగున పరుగెత్తే వార్తలు రాయడమే ఆ సబ్‌ఎడిటర్ ఉద్యోగం. ఆ ఉదయం పార్కులో పూల ప్రదర్శన గురించి రెండు ముక్కలు గీకేసి, టీకి వెళ్దామనుకున్నాడు. సరిగ్గా అప్పుడే భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, రేపు మేడమీద ట్యాంకు కడిగిస్తున్నాను. నీళ్ళు రావు. పెందలాడే వచ్చి బకెట్లన్నీ నింపండి."

"సరే, సరే" అంటూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి టైపు చేస్తూనే ఉన్నాడు. చెవి విన్నదే చెయ్యి రాసింది. "రేపు నీళ్ళు రావు. బకెట్లన్నీ నింపండి" అన్న వార్త ఊరంతటికీ వెళ్ళింది. అతను టీకి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ఫోన్లో నీటి సరఫరా ఇంజనీరు అగ్గిమీద గుగ్గిలమైపోతున్నాడు.

"ఎవరు చెప్పారయ్యా మీకు? ఊరి ట్యాంకు నిండుగా ఉంది! ముందు ఆ వార్త తీసెయ్యండి!"

సబ్‌ఎడిటర్ తెర వంక చూసి నీరుగారిపోయాడు. ఎడిటర్ గదిలోకి పరుగెత్తి, ఇంజనీరు మాట చెప్పి, తన తప్పు కూడా ఒప్పుకోబోయాడు. ఎడిటర్ చెప్పనిస్తేనా!

"అంత గట్టిగా కాదంటున్నాడంటే ఏదో ఉందన్నమాటే. రాయి. 'ట్యాంకు నిండుగా ఉందట! ఎవరి కోసం దాస్తున్నారు?'"

సాయంత్రం దాకా ఆ ప్రశ్నే తిరిగింది. మర్నాడు దినపత్రిక టీవీని నమ్మి మొదటి పేజీలో వేసింది. ఆ పేజీ చూపించి, "పత్రికలూ ధ్రువీకరించాయి" అంది టీవీ. వారపత్రికేమో "తల తడపకుండా జుట్టు మెరిపించే పది చిట్కాలు" అచ్చుకిచ్చేసింది.

ఇక జనం ఊరుకుంటారా? బకెట్లు, బిందెలు, టిఫిన్ డబ్బాలు నింపారు. ఒకాయన పెంపుడు చేపను గ్లాసులోకి మార్చి, దాని తొట్టె కూడా నింపుకున్నాడు. మధ్యాహ్నానికి ఊరి ట్యాంకు అడుగంటింది. కుళాయిలు బుస్సుమని గాలి వదిలాయి.

సబ్‌ఎడిటర్ ఇక ఆగలేకపోయాడు. "సార్, అది మా ఇంటి ట్యాంకు సంగతండీ! పొరపాటున రాసేశాను. సవరణ వేద్దాం."

"ఊళ్ళో నీళ్ళు వస్తున్నాయా?"

"రావట్లేదు సార్."

"మరి నిజమైన వార్తకు సవరణేమిటయ్యా, చోద్యం కాకపోతే!"

"మేం నిన్ననే చెప్పాం" అని తెర నిండా అక్షరాలు వెలిగాయి. సబ్‌ఎడిటర్‌ను పరిశోధన విభాగానికి పెద్దను చేశారు. అతను సిగ్గుతో తలదించుకున్నాడు. అది వినయమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రజలను ముందుగా హెచ్చరించనందుకు ఇంజనీరుకు ఆ సాయంత్రమే బదిలీ ఉత్తర్వు వచ్చింది.