మొక్కు తీరని గుండు

ఆ ఆదివారం పొద్దున ధనంజయ పెట్టుకున్న పని చాలా చిన్నది. చిత్తూరు పోవాలి. తెలిసినవాళ్ళెవరూ రాని సెలూన్ ఒకటి చూసుకోవాలి. వీపు మీద పడే జుట్టును రెండు వేళ్ళంత కొసలు తీయించుకుని, గమ్మున పూతలపట్టుకు తిరిగి రావాలి. ఎండలకు మెడంతా పొక్కులు లేచి మంట పుడుతోంది మరి.

కొసలు తీయించుకోవడానికి ఇంత దొంగతనం ఎందుకంటే, ఆ జుట్టు ఆయనది కాదు, వెంకన్నది. మూడేళ్ళ కిందట కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు ఫోనులో కనిపించి, "మీ లక్ష్యం పదిమందిలో చెప్పండి, ఆ సిగ్గే మిమ్మల్ని ముందుకు తోస్తుంది" అన్నాడు. ధనంజయ పదిమందితో ఆగలేదు. ఊరి క్రాసురోడ్డులో మునికుమార్ టీకొట్టు ముందర నిలబడి, సినిమాకు తాను రాసిన పాట తీసుకునేదాకా తల మీద కత్తెర పెట్టననీ, తీసుకున్నాక కొండకు పోయి గుండు చేయించుకుంటాననీ ఊరంతా వినేలా మొక్కుకున్నాడు. కోటు మనిషి ఆ తర్వాత కనిపించలేదు. పాటా రాలేదు. జుట్టు మాత్రం ఎవరూ చెప్పకుండానే పెరిగింది.

ఇల్లు గడిచేది భార్య ప్రసన్నకుమారి కుట్టుమిషను మీద. ఆమె తండ్రి దామోదరం ఖరారుగా చెప్పేశాడు: మామిడి సీజను నాటికి పాట రాకపోతే అల్లుడు బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో చేరాల్సిందే. సీజను వచ్చేసింది. తెల్లవారితే చేరాలి. ఆ ఫ్యాక్టరీలో చేరినవాళ్ళు ఇంటికొచ్చి చేసేది ఒకటే, పడుకోవడం. పాటలు రాసే మనిషి అక్కడితో అయిపోయినట్టేనని ధనంజయకు తెలుసు.

సెలూన్లో ఆయనకు ఇచ్చిన కుర్చీ మీద ఫ్యాను తిరగలేదు. పక్క కుర్చీ మీద తిరుగుతోంది. అందులో కూర్చున్నవాడు ఫోనొస్తే బయటికి పోయాడు. చూసి చూసి ధనంజయ అందులోకి మారాడు, గాలికి కన్ను మూతపడింది. తల మీద నీళ్ళు పడితే కలలో వాన కురిసింది, వాన మీద పల్లవి కూడా కుదిరింది. చరణం అందుకునేలోపు మెలకువ వచ్చింది. అద్దంలో సగం తల తెల్లగా మెరుస్తోంది.

"ఏందిది సామీ!"

"నువ్వేగదన్నా గుండు సెయ్యమంటివి?"

"నేనా? నేను కొసలు గదా తియ్యమనింది!"

సెలూనతను రెండు కుర్చీల వైపూ చూశాడు. "టీ తాగేసి వచ్చినా, మొగాలు సూడలేదన్నా. ఈ కుర్చీ గుండు కుర్చీ."

సగం గుండుతో బస్సెక్కలేడు కదా, మిగతాదీ చేయించుకున్నాడు. పొక్కుల మంట తగ్గుతుందని అతను జాలిపడి తలంతా గంధం పట్టించాడు. కొంప ముంచింది ఆ గంధమే.

క్రాసులో బస్సు దిగీ దిగకముందే మునికుమార్ కేకేశాడు. "గోవిందా! ధనంజయప్పా, పాట వచ్చేసినాదా! రాండి రాండి, కొండకు గూడా పోయొచ్చేసినాడు సూడండి!"

"అది గాదబ్బా..."

"ఇంగ గాదూ లేదూ అనొద్దు. టీ తాగు, లెక్కీయొద్దు."

టీ గ్లాసు చేతికొచ్చాక నిజం చెప్పడం కష్టం. నలుగురూ చేతులు కలుపుతుంటే ఇంకా కష్టం. ఆయన ఇంటికి చేరేసరికి కబురు ముందే చేరింది. ప్రసన్నకుమారి మిషను ఆపేసి వాకిట్లో నిలబడి ఉంది.

"నాకు గూడా సెప్పకుండా పోయొస్తివా?" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నవ్వినోళ్ళందరి నోళ్ళూ మూయిస్తివి పో."

"అది గాదు ప్రసన్నా, నేను సెప్పేది విను..."

"తర్వాత సెబుదువు. నాయనకు ఫోన్ కొట్టినా, వస్తా ఉండాడు."

దామోదరం వచ్చి అల్లుడి చేతులు పట్టుకున్నాడు. పెళ్ళినాడు తప్ప ఆయన ఆ చేతులు పట్టుకున్నది లేదు. "నిన్ను తక్కువ అంచనా వేసినా నాయనా. నువ్వు రావని ఫ్యాక్టరీవాళ్ళకు సెప్పేసినా."

గొంతుదాకా వచ్చిన నిజం అక్కడే వెనక్కి తిరిగింది.

"ఏం సినిమా?"

"పేరు సెప్పకూడదు మామా. అగ్రిమెంటు."

"లడ్డు యాడ?"

"దోవలో అడిగినోళ్ళకంతా పంచేసినా."

"మామకు ఒకటి దాసిపెట్టల్యా?" అన్నాడు దామోదరం. ఆ రోజు ఆయన అనుమానించింది అదొక్కటే.

సాయంత్రానికి క్రాసులో ఫ్లెక్సీ లేచింది. 'సినిమాకు పాట ఎంపికైన మా అల్లుడికి అభినందనలు' అని అక్షరాలు, అల్లుడి బొమ్మకు రెండింతలు మామ బొమ్మ. శాలువా కప్పి పాడమన్నారు. ఏళ్ళ తరబడి సినిమావాళ్ళకు పంపినా ఎవరూ విప్పి చూడని పాట అందుకున్నాడు ధనంజయ:

"మామిడి తోపుకు మంచెవు నువ్వా,
మంచె నీడలో మాగిన ఎండవు నువ్వా..."

పాట బాగుంది. ఈ వ్యవహారంలో పెద్ద అన్యాయం అదే.

ఎవరో అది ఫోనులో పట్టి లోకం మీదికి వదిలారు. రెండు రోజులకు హైదరాబాదు నుంచి సినిమా మేనేజరు రవిచంద్ర అనే ఆయన ఫోన్ చేశాడు. "మా డైరెక్టరుగారికి మీ పాట తెగ నచ్చిందండీ. కానీ వెనకాల ఫ్లెక్సీలో ఎంపికైందని ఉంది. రేపు గొడవలొస్తాయి."

"ఎవురికీ ఇయ్యలేదు సార్! సత్యంగా!"

"అయితే ఆ ఫ్లెక్సీ వేయించిన మీ మామగారితోనే ఆ మాట వీడియోలో చెప్పించి పంపండి. సాయంత్రంలోగా వస్తే పాట మీదే. లేకపోతే ఇంకొకాయన పాట రెడీగా ఉంది."

ధనంజయ పరిగెత్తి మామను ఇంటికి పిలుచుకొచ్చి, కాళ్ళ మీద పడి అంతా చెప్పేశాడు. సెలూన్, కుర్చీ, నిద్ర, గంధం, రవిచంద్ర ఫోను, ఏదీ దాచలేదు. మూడు రోజుల్లో ఆయన మాట్లాడిన నిజమంతా అదే.

దామోదరం నిదానంగా అడిగాడు. "అంటే, గుండు కొండ మీద కాదు?"

"చిత్తూర్లో మామా."

"ఫ్యాను గాలి కోసరం?"

"ఫ్యాను గాలి కోసరమే."

"అబద్ధమైనా అతికేటట్టు సెప్పాల ధనంజయా. ఆ సినిమావోళ్ళకు ఇచ్చేసిన పాటను ఈ సినిమావోళ్ళకు గూడా అమ్మాల, దానికి నేను సాక్షి! ఒక గొడ్డును ఇద్దరికి అమ్మే బుద్ధి మా ఇండ్లలో ల్యా. పైగా దేవుడికిచ్చిన తలను ఇయ్యలేదని కెమెరా ముందర సెప్పాల్నా? నా నోరు పడిపోతాది."

ధనంజయ భార్య వైపు తిరిగాడు. "నువ్వన్నా సెప్పు ప్రసన్నా. ఇప్పుడు నిజంగా పాట వచ్చేదుండాది."

ఆమె తండ్రిలా కోప్పడలేదు. మొగుడి గుండు వైపు చూసి అడిగింది. "ఆ పొద్దు పాట రాలేదు గదా?"

"ఆ పొద్దు రాలేదు. ఇప్పుడొస్తాది."

"మూడేండ్లుగా ఇదే మాట" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

సాయంత్రం అయింది. రవిచంద్ర మళ్ళీ ఫోన్ చేయలేదు, ఈయన చేస్తే ఎత్తలేదు.

రాత్రంతా దామోదరానికి నిద్ర పట్టలేదు. తెల్లారి అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒకే పాటను రెండుసార్లు అమ్ముకునే గతి పట్టినాదంటే, ఇంట్లో ఎంత ఇబ్బందో నాకు అర్థమయినాది. దీంట్లో సిగ్గుపడేదేముంది?" అని తానే ఫ్యాక్టరీకి వెంటబెట్టుకుపోయి, మేనేజరును బతిమాలి చేర్పించాడు.

గుజ్జులో వెంట్రుక పడితే సరుకంతా తిప్పి పంపుతారు గనుక, ధనంజయ తలను నాలుగు వైపులా తిరిగి చూసిన సూపర్‌వైజరు, ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత అర్హత ఉన్న మనిషిని చూడలేదన్నాడు.