తగరం ముద్ద వాపసు

సృష్టిలో ప్రతి పదార్థమూ ఏదో ఒకనాడు మారక తప్పదు. ఆ మార్పును అధ్యయనం చేయడానికి ఒక పరిశోధన సంస్థను స్థాపించారు. అందులో ఏదీ మారకుండా చూసుకోవడానికి ఒక స్టోరును కూడా స్థాపించారు. (రెండింట్లో స్టోరు భవనమే పెద్దది.)

పరిశోధకురాలు తగరం ముద్ద తీసుకున్నది ఆ స్టోరులోనే. తళతళలాడే ఆ లోహాన్ని చలిగదిలో పెట్టి, తానూ స్వెట్టర్లో ముడుచుకుని, ఏళ్ల తరబడి కాపలా కాసింది. చలికి లోపలి పరమాణువుల అమరిక మారిపోయి, ముద్ద కాస్తా బూడిదరంగు పొడిగా రాలింది. ఆమె పడ్డ కష్టమంతా ఆ పొడే. బయటినుంచి వచ్చే పరీక్షకుడికి దాన్ని చూపిస్తేనే డిగ్రీ.

అయితే పరీక్షకు ముందు స్టోరు సామానంతా వాపసు చేయాలి. స్టోరు అధికారి పొడి ఉన్న సీసాను అటూ ఇటూ ఊపి చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"తగరమే సార్. తూచి చూడండి, పిసరంత కూడా తగ్గలేదు."

"బరువు సంగతి నేనడిగానా? ముద్ద ఇచ్చాను, ముద్దే ఇవ్వండి. తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వవలెనని రూలు."

"మారుతుందా లేదా అని చూడ్డానికే కదండీ తీసుకుంది!"

"చూశారుగా, మారింది. ఇక మామూలుగా చేసి ఇచ్చేయండి."

ఆమె గైడు దగ్గరికి పరిగెత్తి నెత్తీ నోరూ బాదుకుంది. పదార్థాల మార్పు మీద లావుపాటి పుస్తకాలు రాసిన ఆ పెద్దమనిషి, "కరిగించి పడెయ్యమ్మా, ఆఫీసువాళ్లతో మనకెందుకు?" అన్నాడు.

వెంటనే పూర్వస్థితి పునరుద్ధరణ ఉపసంఘం సమావేశమై పొయ్యి మంజూరు చేసింది. (అడిగిన రోజే ఆమె చేతికందిన పరికరం అదొక్కటే.) చిటికెడు పొడి ఉంచుకుంటానని బతిమాలింది. చిటికెడు తగ్గితే దొంగతనం కింద లెక్క అన్నారు. మూకుడులో తన చదువు మళ్లీ తళతళలాడుతుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు, ఒళ్లు మండిపోయింది.

పరీక్షనాడు అదే ముద్దను స్టోరునుంచి అరువు తెచ్చి బల్లమీద పెట్టింది. పక్కనే, పొడిగా ఉన్నప్పుడు తీసిన ఎక్స్-రే పటాలు పరిచింది.

"పటాలదేముందమ్మా, ఎక్కణ్ణుంచైనా తేవచ్చు. పొడేదీ?" అన్నాడు పరీక్షకుడు.

"ముద్ద చేయించారండి."

ఆయన ముద్దను తిప్పి తిప్పి చూశాడు. అభ్యర్థి చెప్పిన మార్పు కనబడలేదని రాశాడు. డిగ్రీ ఆగిపోయింది. నివేదిక చివర మాత్రం సంస్థను మనసారా మెచ్చుకున్నాడు, ఇన్నేళ్లు పరిశోధన చేసినా సామగ్రిని కొత్తదానిలా ఉంచారని.